కోఠీ బజారులో ఇంటికావలి

ఇల్లు కట్టుకొనుట యెంత పనియో, కట్టుకొన్న యింటిని కాచుకొనుటయు నంత పనియే. మన పెద్దలు తలుపునకు గడియ, గడియకు తాళము, వాకిట కుక్క, అరుగుమీద ముసలివారు, ఈ నాలుగింటితో కాపురములు సాగించిరి. అయినను దొంగతనము నేటి విద్య కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని యింటిగోడకు కన్నము వేయబోవుచు, ఆ కన్నము ఏ యాకారమున నుండవలెనో శాస్త్రము తెలిసినవానివలె ఆలోచించును. అతడు ఎత్తుకొనిపోయినవి వసంతసేన నమ్మి దాచిన నగలు. సొమ్ము పోయినందులకంటె నమ్మకము పోవునని ఆ యింటివారు కుమిలిరి. తుదకు చారుదత్తుని యిల్లాలు ధూత తన రత్నహారమును తీసి యిచ్చినది. ఇంట దొంగ పడినచో ఆ నష్టమును మోయునది ఇల్లాలే యని ఆ నాటకము చదివినపుడెల్ల మాకు తోచును.

మా కాపురము భువనగిరిలో. మా వారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. పోయిన దసరా సెలవులలో మా వీధిలో తాళము వేసిన యొక యింట దొంగలు పడిరి. ఆ యింటివారు పదవనాడు తిరిగి వచ్చి చూచువరకు ఎవరికిని తెలియదు. ఏనాడు పడిరో, ఎందరు వచ్చిరో, ఏ దారిని పోయిరో చెప్పగలవారు లేరు. గాజులు, గొలుసులతోబాటు ఆ యింటి పెద్దమ్మగారి వెండి కుంకుమభరిణెయు పోయినది. “బంగారము మరల కొనవచ్చును. మా యమ్మ చేతి భరిణె ఏ యంగడిలో దొరకును?” అని ఆమె అరుగుమీద కూర్చుండి యడిగినపుడు ఎవరికిని నోట మాట రాలేదు. ఆ వారముననే మా యింటికి కెమెరాలును, అవి చూచినదానిని దాచిపెట్టు రికార్డరును కొనవలెనని నిశ్చయించుకొంటిమి.

అయితే అంగడికి పోవుటకు ముందు మా యిల్లు మేము చూచుకొనుట ముఖ్యమని తలచితిమి. కాగితమును, కొలతటేపును పట్టుకొని ఉదయమొకసారి, దీపాలు పెట్టిన వేళ నొకసారి, అర్ధరాత్రి యొకసారి మా యింటిచుట్టు తిరిగితిమి. వాకిటి గేటునుండి వసారాకు 20 అడుగులు. ప్రక్కసందులో వీధిదీపపు వెలుతురు పడదు. పెరటిగోడ దాటుటకు సులువు, అవతల ఖాళీస్థలము. ఈ విధముగా గేటు, వసారా తలుపు, ప్రక్కసందు, పెరటి తలుపు అని నాలుగు తావులు గుర్తించితిమి. కాగితము రెండవవైపున కంటబడకూడనివి వ్రాసికొంటిమి: పెరటిలోని స్నానాలగది, వంటయిల్లు, మేము పడుకొను గదులు, ఎదురింటివారు బట్టలారవేసికొను డాబా. చదువరులు ఈ రెండవ జాబితాను తప్పక వ్రాసికొనవలెనని మా మనవి. కెమెరా కొనువారిలో పదిమందికి తొమ్మండుగురు మొదటి జాబితాతోనే బయలుదేరుదురు.

ఆ జాబితాకు కారణమున్నది. మా బంధువుల యింట నొక పెద్దావిడ కలదు. ఆమె కుమారుడు విదేశమున నున్నాడు. తల్లి పడిపోయినచో తెలియవలెనని ప్రేమతోనే ఆమె నడియింట కెమెరా పెట్టించెను. నాటినుండి ఆమె నడియింట కూర్చుండుట మానినది. జుట్టు విప్పి నూనె రాచుకొనుటకు, కాళ్లు చాపుకొని నడుము వాల్చుటకు వెనుక వరండాకు పోవును. ఇల్లు ఆమెది, చూపు మాత్రము వేరొకరిది. ఆమెను చూచి వచ్చిన పిదప మా అత్తగారు మమ్ము నడిగిన మాట యిది: “దొంగను చూచుట సరే బిడ్డా, ఆ కన్ను పొద్దస్తమానము మనలను గూడ చూచునా?” ఈ ప్రశ్నను వెంటబెట్టుకొనియే మేము హైదరాబాదునకు బయలుదేరితిమి.

ఉదయము ఎనిమిది గంటలకు బస్సెక్కితిమి. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినందున మా వారికి మాత్రమే టికెట్టు తీసికొంటిమి. ఊరు దాటునప్పుడు వెనుదిరిగి చూచినచో భువనగిరి దుర్గము కానవచ్చును. అది యొకే బండ. ఎత్తు 500 అడుగులకు పైబడును. పశ్చిమ చాళుక్య ప్రభువైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దానిమీద కోట కట్టించెను. ఆయన పేరిట త్రిభువనగిరి యైనదే నేటి భువనగిరి. అంత ఎత్తున నిలిచిన కావలివానికి నలుదిక్కుల దారులును కనబడును. ఎవరో వచ్చుచున్నారని అతడు చెప్పగలడు. ఎవరు వచ్చుచున్నారో మాత్రము ముఖము చూచి చెప్పజాలడు. ముఖము చూచువాడు కోటద్వారముకడ నుండవలెను. ఈ భేదము మాకు ఆ దినముననే అంగడిలో పనికివచ్చినది.

బీబీనగరు, ఘట్‌కేసరు, ఉప్పల్ దాటి, మూసీ యొడ్డున నున్న మహాత్మాగాంధీ బస్సుస్టేషనులో దిగితిమి. అక్కడనుండి మెట్రోరైలులో ఒక్క స్టేషను పోయిన సుల్తాన్‌బజారు. 2020 ఫిబ్రవరిలో ఈ దారి తెరచిరి. స్టేషను దిగి వీధిలో అడుగు పెట్టుటతోడనే చీరెలు, రవికగుడ్డలు, గాజులు, పూసలు. మా కాళ్లు అక్కడ ఆగినవి. మా వారు గడియారము చూచుకొనిరి. తిరుగుదారిలో కొందమని మనసునకు చెప్పుకొని ముందునకు నడచితిమి.

కోఠీ యనగా పెద్ద భవనము. ఈ పేటకు పేరు తెచ్చిన కోఠీ బ్రిటిషు రెసిడెంటు నివసించిన మేడ. జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో దానిని కట్టించెను. ముందు మహోన్నతములైన స్తంభములు, మెట్ల కిరువైపుల సింహములు. ఆయన వివాహమాడిన ఖైరున్నీసా బేగము ఘోషాలో నుండెడిది; ఆమెకై ఆవరణములోనే రంగమహలు వేరుగ కట్టించెను. ముందువైపునకు వచ్చి మేడను చూడజాలని ఆ యిల్లాలికి చూపుటకై దాని చిన్న నమూనాను గూడ కట్టించెనని చెప్పుదురు. 1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున జనులు ఈ రెసిడెన్సీమీదికి దండెత్తిరి. ఆ పిదప దీనికి బురుజులు కట్టి కాపు బలపరచిరి. 1924లో పుట్టిన మహిళా కళాశాల 1949లో ఈ మేడకు వచ్చినది. 2022లో విశ్వవిద్యాలయమై, 2024 నుండి వీరనారి చాకలి ఐలమ్మ పేర వెలయుచున్నది. ఒక స్త్రీ తెరచాటునుండి నమూనాను మాత్రము చూచుకొన్న చోట నేడు వేలకొలది బాలికలు పుస్తకములు పట్టుకొని స్వేచ్ఛగా తిరుగుచుండుట చూచి మాకు కన్నులు చెమర్చినవి.

అక్కడికి చేరువనే గుజరాతీ గల్లీ. ఇరుకైన సందు; రెండు వైపుల స్పీకర్లు, వైర్లు, బల్బులు, ప్లగ్గులు, తీగల చుట్టలు. అంగడి యంగడికిని పైన కెమెరాలు వ్రేలాడుచుండును. మూడంగళ్లలో మేము కాగితము తీయుటకు ముందే “నాలుగు కెమెరాల సెట్టు” అని పెట్టె ముందు పెట్టిరి. నాలుగవ యంగడివాడు మాత్రము, “గేటు ఎంత దూరమమ్మా?” అని యడిగెను. దూరమడిగినవాడే పని తెలిసినవాడని యక్కడ కూర్చుంటిమి.

కెమెరాలలో రెండు రూపములు ప్రధానము. గిన్నె బోర్లించినట్లుండునది డోము. పొడుగుగా నుండునది బుల్లెటు. డోము వసారా కప్పునకు తగును. అది ఎటు చూచుచున్నదో క్రిందివారికి సులభముగా తెలియదు. బుల్లెటు గోడకు తగును. ఆరుబయట పెట్టుదానికి ఐ.పీ. 66 గాని 67 గాని అను గుర్తుండవలెను. దుమ్మునకును వాననీటికిని తట్టుకొనునని ఆ గుర్తునకు అర్థము.

తరువాత బొమ్మ నాణ్యము. 2 మెగాపిక్సెళ్ల కెమెరా తన బొమ్మను అడ్డముగా 1920 చుక్కలతో అల్లును. 4 మెగాపిక్సెళ్లది సాధారణముగా 2560 చుక్కలతో అల్లును. చుక్కలెక్కువైన కొలది వివరమెక్కువ. అయితే చుక్కలకంటె ముఖ్యము లెన్సు. అంగడివాడు రెండు కెమెరాలను ప్రక్కప్రక్కన కట్టి తెరమీద చూపెను. 2.8 మిల్లీమీటర్ల లెన్సులో ఇంచుమించు 100 డిగ్రీల వెడల్పున గల్లీ యంతయు కనబడినది. దూరమున నిలిచిన మా వారి ముఖము మాత్రము ఆవగింజంత. 6 మిల్లీమీటర్ల లెన్సులో సుమారు 50 డిగ్రీలే కనబడినది. కాని మా వారి కండ్లజోడు అంచు తెలిసినది. మాకప్పుడు భువనగిరి బండమీది కావలివాడు జ్ఞప్తికి వచ్చెను. ఎక్కువ చూచు కన్ను వేరు, ఆనవాలు పట్టు కన్ను వేరు. 2 మెగాపిక్సెళ్లలో 2.8 లెన్సుతో క్రొత్తవాని ముఖము ఆనవాలు పట్టదగినది సుమారు 10 అడుగుల లోపల. 6 లెన్సుతో సుమారు 25 అడుగుల వరకు. మా గేటు 20 అడుగులు గదా! కనుక గేటునకు 6, వసారాకును పెరటి తలుపునకును 2.8, ప్రక్కసందునకు 3.6 అని తీసికొంటిమి. నాలుగును ఒకే తీరువి యుండు పెట్టె చవుకయే. కాని మన యింటి నాలుగు దిక్కులు ఒక తీరున నుండవు.

రాత్రివేళ కెమెరాలు మన కంటికి కానరాని పరారుణ కాంతిని విడిచి చూచును. అప్పుడు బొమ్మ నలుపుతెలుపులలో వచ్చును. చీరె రంగు, చొక్కా రంగు తెలియదు. ఆ కాంతికి పురుగులు, పురుగులకై సాలీళ్లు చేరును. కంటిముందు బూజు కట్టినచో కాంతి దానిమీదనే తగిలి తెర యంతయు తెల్లబడును. సున్నపుగోడ మరీ దగ్గరనున్నను అంతే. కాబట్టి వారమునకొకసారి బూజుకఱ్ఱతో కెమెరాలను దులుపుట ఇల్లాలి పనులలో నొకటి. ఎత్తు 8 లేక 9 అడుగులు చాలును. అంతకు మించినచో దొంగ ముఖమునకు బదులు నడినెత్తి కనబడును.

ఇక రికార్డరు. కెమెరా కన్నయినచో రికార్డరు జ్ఞాపకము. కన్ను చూచి మరచినచో నేమి ఫలము? ఇందును రెండు జాతులు. డీ.వీ.ఆర్. అనునది ఒక్కొక్క కెమెరానుండి ప్రత్యేకమైన గుండ్రని వైరు వచ్చి చేరునది. కెమెరాలకు కరెంటు వేరుగ పంపవలెను. ఎన్.వీ.ఆర్. అనునది కంప్యూటరు వైరుతో నడచునది. బొమ్మయు కరెంటును ఒకే వైరున 100 మీటర్ల వరకు పోవునట్లు అమర్చుకొనవచ్చును. క్రొత్తగా ఇల్లు కట్టువారు గోడలలో గొట్టములు వేయునప్పుడే రెండవదానికి వైర్లు లాగించుకొనుట మేలు. మాది పాత యిల్లు, దూరములు తక్కువ; ఖర్చు తగ్గునని డీ.వీ.ఆర్. తీసికొంటిమి. నాలుగు కెమెరాలే యైనను ఎనిమిదింటికి చోటుగల దానిని ఎన్నుకొంటిమి; రేపు పైయంతస్తు వేసినచో రికార్డరు మార్చనక్కరలేదు. వైఫై కెమెరాలలో జ్ఞాపకము తరచుగా కెమెరా లోపలి చిన్న కార్డులోనే యుండును. దొంగ కెమెరాను పీకి సంచిలో వేసికొన్నచో సాక్ష్యమును అతనితోనే పోవును.

హార్డుడిస్కు ఎంత పెద్దది కొనవలెనను ప్రశ్నకు చాలమంది ఊహతో జవాబు చెప్పుదురు. మేము లెక్క కట్టితిమి. హెచ్. 265 అను క్రొత్తరీతి కుదింపులో 2 మెగాపిక్సెళ్ల కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల వంతున వ్రాసినచో గంటకు 900 మెగాబైట్లు, దినమునకు సుమారు 21.6 గిగాబైట్లు అగును. నాలుగు కెమెరాలకు 86.4. ఆ లెక్కన 1 టెరాబైటు డిస్కు 11 దినములలో నిండును. నిండినతోడనే పాతదానిని చెరిపి దానిపైన క్రొత్తది వ్రాయును. 2 టెరాబైట్లది 23 దినములు నిలుచును. పాతరీతి హెచ్. 264 కుదింపైనచో దినములు ఇంచుమించు సగమగును. మేము వేసవిలో పుట్టింటికి పోయినచో పదునైదు దినములుందుము. మొదటిరాత్రి దొంగ పడి, పదునారవనాడు మేము వచ్చుసరికి ఆ రాత్రి చెరిగిపోయియుండినచో ఇంత కొన్నది దేనికి? కనుక 2 టెరాబైట్లు. అదియు రేయింబవళ్లు ఎడతెగక వ్రాయుటకై చేసిన నిఘా డిస్కునే యడుగవలెను. కంప్యూటరులోని సాధారణ డిస్కు ఆ శ్రమకు త్వరగా అలసిపోవును. మేళ్లు పదిమంది కూడు చోట్లకు చట్టమును కలదు: 100 మందికి తగ్గక జనులు కూడు సంస్థలు కెమెరాలు పెట్టి, 30 దినముల బొమ్మలు దాచవలెనని 2013 నాటి ప్రజాభద్రతా చట్టము విధించినది.

లెక్క ముగిసిన పిదప అంగడివాడు, “నడియింట ఒకటి, వంటయింట ఒకటి పెట్టుకొనుడమ్మా, పనిమనిషిని చూచుకొనవచ్చును” అనెను. మేము కాగితము రెండవవైపు త్రిప్పి చూపితిమి. అతడు చదివి, కొంతసేపు ఊరకుండి, “ఈ జాబితా ఇంతవరకు ఎవరును తేలేదమ్మా” అని, బొమ్మలో కొంత భాగమును నల్లగా కప్పివేయు ఏర్పాటు రికార్డరులోనే యున్నదని చూపెను. ఎదురింటి డాబా మా గేటు కెమెరాలో పడినచో ఆ మేరకు నల్లని ముసుగు వేయవచ్చును. అడుగనివారికి ఈ సంగతి ఎవరును చెప్పరు. ఏకాంతముననున్న స్త్రీని ఆమె సమ్మతి లేక చూచుటయు, బొమ్మ తీయుటయు నేరము. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను మొదటి నేరమునకే ఒక సంవత్సరమునకు తగ్గని చెఱసాల విధించుచున్నది. మన యింటి కాపుకొరకు పెట్టిన కన్ను పొరుగింటి ఆడుబిడ్డకు భయకారణము కాకూడదు.

మరియొక ద్వారము కలదు. దానికి గడియ కనబడదు. సెల్‌ఫోనులో ఇల్లు చూచుకొనుటకై రికార్డరును ఇంటర్నెట్టునకు కలుపుదుము. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చనిచో అది తాళముచెవిని వాకిట వ్రేలాడగట్టినట్లే. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము ఇట్లు పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షలకొలది వశపరచుకొని, పేరుపొందిన వెబ్‌సైట్లను గంటలకొలది స్తంభింపజేసినది. 2025 ఏప్రిలునుండి మన దేశమున కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి యైనది. ఆ ధ్రువపత్రమున్న రకమునే అడిగి తీసికొంటిమి. పాస్‌వర్డు అమర్చువాని చేత పెట్టించక మేమే పెట్టితిమి.

కొన్నవాటిని సంచులలో సర్దుకొనుచుండగా అంగడివాడు, “ఇవి మగవారి బేరములమ్మా, మీరు ఇంత వివరముగా అడిగితిరి” అని నవ్వెను. మా వారు అతనికి చెప్పిన కథ సోదరీమణులకు గూడ తెలియదగినది. న్యూయార్కు నగరమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నల్లజాతి నర్సు ఉండెడిది. వేళగాని వేళల నౌకరి. పిలిచినను పోలీసులు త్వరగా రాని పేట. ఆమె తన భర్త ఆల్బర్టుతో కలసి, తలుపునకు నాలుగు రంధ్రములు పెట్టి, వానివెంట పైకి క్రిందికి జరుగు కెమెరాను, గదిలో బొమ్మ చూపు తెరను, వచ్చినవారితో మాటాడు మైకును కూర్చినది. 1966లో దరఖాస్తు పెట్టగా 1969 డిసెంబరు 2న ఆ దంపతులకు పేటెంటు లభించెను. ఇంటికాపు కెమెరాలకు అది ఆదిమూలములలో నొకటి. తలుపు తీయుటకు భయపడిన యొక స్త్రీ ఆలోచన యిది, మగవారి బేరమెట్లగును?

తిరుగుదారిలో సుల్తాన్‌బజారున గాజులును కొంటిమి. మరునాడు కెమెరాలు బిగించిరి. రికార్డరును ముందుగదిలో టీవీ ప్రక్కన పెట్టబోగా వలదని, లోపలిగది అటకమీద గాలి తగులు చోట తాళముగల చెక్కపెట్టెలో పెట్టించితిమి. ఇన్వర్టరు వైరు దానికి ఇప్పించితిమి. నాలుగు కెమెరాలును రికార్డరును కలసి పాతకాలపు 60 వాట్ల బల్బంత కరెంటును తీసికొనవు. గడియారము సరిగా నున్నదో లేదో చూచితిమి; వేళ తప్పైనచో సాక్ష్యము బలహీనమగును. ఎదురింటి వదినగారిని పిలిచి తెరమీద వారి డాబా నల్లగా కప్పబడియుండుట చూపితిమి. ఆమె మాటాడక మా చేయి పట్టుకొన్నది.

మా అత్తగారు తెర యెదుట కూర్చుండి నాలుగు బొమ్మలను ఒక్కొక్కటిగా చూచి, “నడియిల్లు ఏది?” అని యడిగిరి. లేదంటిమి. “స్నానాలగది?” లేదంటిమి. “అయితే మంచి కావలివాడే” అని, లేచిపోయి నడియింట చాప వేసికొని పడుకొనిరి.

కెమెరా దొంగను పట్టుకొనదు. వచ్చినవానిని చూచి చెప్పును. గడియ, తాళము, పొరుగువారి పలుకరింపు నేటికిని దానికంటె ముందే యుండవలెను. ఊరికి పోవునప్పుడు ఎదురింట ఒక మాట చెప్పి పోవు అలవాటును మానరాదు. కొనదలచిన సోదరీమణులు అంగడికి పోకముందు కాగితము రెండువైపులను నింపుకొని పొండు. చూడవలసిన తావులను ఇంటి మగవారు గూడ చెప్పగలరు. చూడరానివి ఏవో ఆ యింట మసలు స్త్రీలే చెప్పవలెను.